విరిత్సా పల్లెలో తాగుడు మానినవాళ్ళు

"మహిమలు లేవంటారు. సరే. మరి మా బావ తాగుడెలా మానేశాడు?"

హేతువాద సభల్లో ఈ ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. అడిగేవాళ్ళు మనల్ని ఇరికించాలని అడగరు. నిజంగానే ఆ బావ ఏ ఆశ్రమానికో వెళ్ళి ఉంటాడు. మాల వేసుకునో, ప్రార్థన కూటంలో చేరో తాగుడు మానేసి ఉంటాడు. అక్క కాపురం నిలబడింది, పిల్లలు బడికి పోతున్నారు. మనం "అదంతా భ్రమ" అంటే ఆ మనిషికి మన మాట ఎక్కదు. ఎందుకెక్కాలి? కళ్ళెదురుగా అక్క ఇల్లు కనిపిస్తోంది.

చాలాకాలం నేను ఈ ప్రశ్నకు "కాకతాళీయం" అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకునేవాణ్ణి. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఒక్క బావ విషయంలో అయితే కాకతాళీయం కావచ్చు. వేలమంది మానేస్తే? అలా వేలమంది మానేసిన ఉదాహరణ ఒకటి రష్యాలో ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరానికి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, ఒరెదెజ్ నది ఒడ్డున, పైన్ అడవుల మధ్య విరిత్సా అనే ఊరు ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ తాగుడు మానినవాళ్ళు ఒక కాలనీ కట్టుకున్నారు. వాళ్ళను మాన్పించింది డాక్టరు కాదు. మహిమలు చేస్తాడని పేరుపడ్డ ఒక రైతుబిడ్డ. ఆ కథ పూర్తిగా చూస్తే మన బావ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. మన ఉద్యమానికి కొన్ని చేదు ప్రశ్నలు కూడా ఎదురవుతాయి.

ఖజానాకు తాగుబోతు కావాలి

ముందుగా రష్యన్ తాగుడు గురించి ఒక మాట. "రష్యన్లు పుట్టుకతోనే తాగుబోతులు" అనేది వట్టి మాట. అక్కడ తాగుడు వెనక ప్రభుత్వ ఖజానా ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి జార్ ప్రభుత్వ ఆదాయంలో దాదాపు 40 శాతం మద్యం నుంచే వచ్చేది. అప్పట్లో ఒక్కో ప్రాంతంలో వోద్కా అమ్మే హక్కును వేలం వేసేవాళ్ళు. మన పాత సారా పాటల్లాంటిదే. పాట పాడుకున్న కాంట్రాక్టరు ప్రభుత్వానికి కట్టాల్సింది కట్టి, మిగతాది జనం దగ్గర పిండుకునేవాడు. నీళ్ళు కలిపేవాడు, ధర పెంచేవాడు, అప్పు పెట్టి తాగించేవాడు.

1858లో లిథువేనియా ప్రాంతంలో కాథలిక్ బిషప్ వలన్చ్యూస్ ప్రోత్సాహంతో తాగుడు మానే సంఘాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఈ గాలి రష్యన్ పల్లెలకు పాకింది. ఊరి పంచాయితీల్లో రైతులు కూర్చుని "ఇకమీద వోద్కా ముట్టం, ముట్టినవాడు జుల్మానా కట్టాలి" అని తీర్మానాలు చేసుకున్నారు. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఇది నడిచింది. ప్రజలు తాగుడు మానేస్తే ఏ ప్రభుత్వమైనా సంతోషించాలి కదా? జార్ ప్రభుత్వ ఆర్థిక శాఖ మాత్రం ఆ తీర్మానాలను రద్దు చేయాలని, కొత్తవి చేయనివ్వకూడదని ఆదేశించింది. 1859లో రైతులు కోపం పట్టలేక సారా దుకాణాలు పగలగొట్టారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. కొరడా దెబ్బలు, సైబీరియా ప్రవాసాలు జరిగాయి.

ఇది చదువుతుంటే తెలుగు పాఠకులకు దూబగుంట గుర్తుకు రాక మానదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా గెలిచింది, నిషేధం పోయింది. దేశాలు, శతాబ్దాలు వేరైనా లెక్కల పుస్తకం ఒకటే.

రష్యాలో 1863లో వేలం పాటలు పోయి ఎక్సైజు సుంకం వచ్చింది. తర్వాత ఆర్థిక మంత్రి సెర్గేయ్ విత్తె వోద్కా అమ్మకాన్ని నేరుగా ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. 1895లో నాలుగు తూర్పు రాష్ట్రాల్లో మొదలుపెట్టాడు. వాటిలో సమారా ఒకటి. మన కథానాయకుడు పుట్టింది ఆ సమారా రాష్ట్రంలోనే.

సోదరుడు ఇవాన్

ఇవాన్ చురికోవ్ 1861లో, రష్యాలో రైతుల దాస్యం రద్దయిన ఏడాది, అలెక్సాంద్రోవ్ గాయ్ అనే ఊళ్ళో రైతు కుటుంబంలో పుట్టాడు. 1890ల మధ్యలో పీటర్స్‌బర్గ్ చేరాడు. అప్పుడు ఆ నగరం ఫ్యాక్టరీలతో ఉబ్బిపోతోంది. పల్లెల నుంచి వచ్చిన కూలీలు ఒక్కో గదిలో పదిమంది చొప్పున, పడక కూడా షిఫ్టుల లెక్కన పంచుకుని బతికేవాళ్ళు. జీతం రోజు రాత్రి సారా దుకాణాల దగ్గర జనం కిక్కిరిసేవాళ్ళు. ఆ జనం మధ్య చురికోవ్ బైబిలు పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. చర్చి నియమించిన ఫాదరు కాదు. వేదాంతం చదువుకోలేదు. జనం ఆయన్ను "బ్రాతెత్స్" అని పిలిచేవాళ్ళు. ప్రేమగా సోదరుడా అన్నట్టు.

ఆయన చెప్పింది చాలా సూటి విషయం. తాగొద్దు. పొగ తాగొద్దు. పని చెయ్యి. పెళ్ళాన్ని కొట్టొద్దు. ప్రార్థన చేసి నూనె, నీళ్ళు ఇచ్చేవాడు. అవి తీసుకుంటే తాగుడే కాదు, ఇతర రోగాలు కూడా నయమవుతాయని జనం నమ్మారు. ఆదివారం ఆయన మాటలు వినడానికి వేలమంది వచ్చేవాళ్ళు. వాళ్ళు ఫ్యాక్టరీ కార్మికులు, చేతిపనివాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, తాగుబోతుల భార్యలు.

అధికారులకు ఇది నచ్చలేదు. 1890ల చివర్లో ఆయన్ను సొంత రాష్ట్రానికి పంపేసి, సమారాలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. డాక్టర్లు పరీక్షించి మతిస్థిమితం బాగానే ఉందని వదిలిపెట్టారు. 1900లో సుజ్దాల్ పట్టణంలోని మఠం జైలులో కొంతకాలం ఉంచారు. చర్చి దృష్టిలో తప్పుదారి పట్టినవాళ్ళను పెట్టే జైలు అది. ఆయన మళ్ళీ పీటర్స్‌బర్గ్ వచ్చాడు. జనం ఇంకా పెరిగారు.

చర్చి చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా చెప్పాలి. 1898లో అలెక్సాందర్ రొజ్దెస్త్వెన్‌స్కీ అనే ఫాదరు అదే నగరంలో అలెక్సాందర్ నెవ్‌స్కీ పేరుతో మద్యవిసర్జన సంఘం పెట్టి వేలమందితో ప్రమాణాలు చేయించాడు. అంతకుముందే, 1887లో, టాల్‌స్టాయ్ తన యాస్నాయా పొల్యానా పల్లెలో తాగుడుకు వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టి సంతకాలు సేకరించాడు. టాల్‌స్టాయ్‌కి మహిమల మీద నమ్మకం లేదు. ఆయన పిలుపు బుద్ధికి, మనస్సాక్షికి. సంతకాలు కొన్ని వందలు వచ్చాయి. ఆ సంఘం ఎక్కువకాలం నిలవలేదు. చురికోవ్ కూటమి నిలిచింది. ఎందుకు? ఈ ప్రశ్నను పక్కన పెట్టుకుని ముందుకు పోదాం.

విరిత్సా కాలనీ

1905 తర్వాత చురికోవ్ అనుచరులు విరిత్సాలో స్థలం కొన్నారు. అక్కడ పెద్ద ఇల్లు కట్టారు. చుట్టూ తాగుడు మానినవాళ్ళు తమ ఇళ్ళు కట్టుకున్నారు. పొలాలు, తోటలు, పశువులు పెట్టుకున్నారు. నగరంలో ఉన్నవాళ్ళు పండగలకూ సెలవులకూ అక్కడికి వచ్చి పనిచేసి వెళ్ళేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక మామూలు తాగుబోతు జీవితం ఎలా మారి ఉంటుందో ఆలోచించండి. నిన్నటిదాకా వాడి స్నేహితులంతా సారా దుకాణంలోనే ఉండేవాళ్ళు. ఇప్పుడు చుట్టుపక్కల ఒక్క దుకాణం లేదు. పక్కింటివాడు కూడా ఒకప్పటి తాగుబోతే, వాడి కథ ఇంకా ఘోరం. పొద్దున లేస్తే పని ఉంది. సాయంత్రం కూడి పాటలు పాడుకుంటారు. తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. అందరి ముందూ "నేను మానేశాను" అని చెప్పాడు కాబట్టి మళ్ళీ తాగితే పరువు పోతుంది. నూనె సీసా ఈ మొత్తంలో ఒక చిన్న భాగం.

ఈ అనుచరులు తాము ఎలా బాగుపడ్డారో రాసి, చెప్పి మిగిల్చిన సాక్ష్యాలు చాలా ఉన్నాయి. అమెరికన్ చరిత్రకారిణి పేజ్ హెర్లింగర్ వాటి ఆధారంగా చురికోవ్, ఆయన అనుచరుల చరిత్రను 2023లో పుస్తకంగా తెచ్చింది. ఆ సాక్ష్యాలను మనం రెండు విధాలుగా చదవొచ్చు. అందరూ మోసపోయిన అమాయకులని తోసేయొచ్చు. లేదా ఆ మనుషులు తమకు ఏం జరిగిందో నిజంగానే చెబుతున్నారని, కారణం విషయంలో మాత్రమే పొరబడ్డారని అనుకోవచ్చు. నేను రెండోదే సరైన పద్ధతి అంటాను. తాగుడు మానడం నిజం. దానికి చురికోవ్ ప్రార్థన కారణమనడం వాళ్ళు చెప్పుకున్న వివరణ. నిజాన్నీ, వివరణనూ విడదీయడం హేతువాదికి మొదటి పని.

మూడు దెబ్బలు

మొదటి దెబ్బ చర్చి కొట్టింది. చురికోవ్‌ను కొందరు అనుచరులు ఏకంగా దేవుడి అవతారంగా చూడడం మొదలుపెట్టారు. 1914లో ఆర్థడాక్స్ చర్చి ఆయన్ను వెలివేసింది. విచిత్రం చూడండి. అదే ఏడాది ప్రపంచయుద్ధం మొదలవగానే జార్ నికోలస్ దేశమంతటా వోద్కా అమ్మకం ఆపేశాడు. తాగొద్దని చెప్పినవాణ్ణి వెలివేసిన ఏడాదిలోనే తాగుడును నిషేధించారన్నమాట. ఖజానాకు పెద్ద గండి పడింది. పల్లెల్లో దొంగసారా బట్టీలు లేచాయి.

1917లో బోల్షెవిక్కులు వచ్చారు. మొదట్లో వాళ్ళు జార్ కాలంలో చర్చి హింసించిన చిన్న మతశాఖల పట్ల కొంత సానుభూతితోనే ఉన్నారు. లెనిన్ సహచరుడు బోంచ్ బ్రూయేవిచ్ ఆ శాఖలను ఏళ్ళ తరబడి అధ్యయనం చేసినవాడు. 1904లోనే వాళ్ళకోసం ఒక పత్రిక నడిపాడు. విరిత్సా కాలనీ వ్యవసాయ కమ్యూన్‌గా మారి 1920ల్లో కొనసాగింది. తాగరు, కష్టపడి పనిచేస్తారు, ఆస్తి ఉమ్మడిగా పెట్టుకుంటారు. సోషలిస్టు రాజ్యానికి ఇంకేం కావాలి?

కావలసింది విధేయత. 1929 ఏప్రిల్‌లో వచ్చిన మతసంఘాల చట్టం ప్రార్థన తప్ప మరేదీ చేయకూడదని శాసించింది. పరస్పర సహాయ నిధులు, సహకార సంఘాలు, ఉత్పత్తి సంఘాలు మతసంఘాలకు నిషిద్ధం. విరిత్సాలో అసలు పనిచేసిన భాగం అదే. ప్రార్థనను ఉండనిచ్చి సహాయాన్ని నిషేధించిన చట్టమిది. అదే 1929లో చురికోవ్‌ను అరెస్టు చేశారు. 1933లో ఆయన నిర్బంధంలోనే చనిపోయాడు. కమ్యూన్ పోయింది.

ఇక్కడ మనవాళ్ళు కొందరు "పోతే పోయింది, మూఢనమ్మకమే కదా" అంటారేమో. అయితే ఆ కాలపు ఖజానా సంగతి కూడా వినాలి. సోవియట్ ప్రభుత్వం 1925లో పూర్తి ఘాటు వోద్కాను తిరిగి తెచ్చింది. 1928లో ప్రభుత్వమే తాగుడుకు వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టించి, కొద్ది ఏళ్ళకే మూయించింది. 1930 సెప్టెంబరులో స్టాలిన్ మొలొతోవ్‌కు రాసిన ఉత్తరంలో రక్షణ ఖర్చులకోసం వోద్కా ఉత్పత్తిని వీలైనంత పెంచాలని రాశాడు. సైన్సు పేరు, నాస్తికత్వం పేరు చెప్పుకున్న రాజ్యం, తాగనివాళ్ళ పల్లెను మూసి వోద్కా ఫ్యాక్టరీలు తెరిచింది. నాస్తికులమని చెప్పుకుంటే చాలదు. మనుషులకు ఏం చేశారన్నదే లెక్క. ఇది మన వర్గం వాళ్ళు ఒప్పుకోవడానికి కొంచెం కష్టమైన విషయం. అయినా ఒప్పుకోవాలి.

చురికోవ్ అనుచరులు రహస్యంగా కొనసాగి, సోవియట్ యూనియన్ పోయాక మళ్ళీ బహిరంగంగా కలుసుకున్నారు. ఈనాడు విరిత్సా పేరు చెబితే రష్యన్లకు ఎక్కువగా గుర్తొచ్చేది మరొక సాధువు, 2000లో చర్చి పునీతుడిగా ప్రకటించిన సెరాఫిం. మహిమల పోటీలో కూడా అధికారిక కంపెనీకే గిరాకీ.

మరి మహిమ ఎక్కడుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. విరిత్సాలో ఏం పనిచేసింది?

మొదటిది, మనకు కనిపించని లెక్క. బాగుపడ్డవాళ్ళు సాక్ష్యం రాశారు. బాగుపడక మళ్ళీ సారా దుకాణానికి పోయినవాళ్ళు రాయలేదు. ఎంతమంది వచ్చారో, ఎంతమంది నిలిచారో తెలియకుండా ఏ చికిత్స గురించీ చెప్పలేం. ఇది బాబాలకే కాదు, కార్పొరేట్ ఆసుపత్రుల ప్రకటనలకు కూడా వర్తిస్తుంది.

రెండోది, ఎవరూ ఏమీ చేయకపోయినా కొందరు మానేస్తారు. అమెరికాలో 43 వేల మందితో జరిపిన జాతీయ సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. ఒకప్పుడు మద్యానికి బానిసలైనవాళ్ళలో ఎప్పుడైనా చికిత్స పొందినవాళ్ళు నాలుగో వంతు మాత్రమే. చికిత్స లేకుండానే బయటపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. పైగా తాగుబోతు బాబా దగ్గరికి బాగున్న రోజుల్లో పోడు. ఉద్యోగం ఊడి, భార్య పుట్టింటికి వెళ్ళిపోయి, అడుగు తేలాక పోతాడు. అక్కడి నుంచి కొందరు ఎలాగూ పైకి వస్తారు. ఆ సమయంలో పక్కన ఎవరుంటే వాళ్ళకు ఘనత దక్కుతుంది.

మూడోది, చోటు మారడం. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చాక పరిశీలించింది. ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు దాదాపు 5 శాతమే. హెరాయిన్ దొరికే చోటు, దాన్ని వాడే స్నేహితులు, ఆ భయం, ఆ విసుగు అన్నీ వెనకే ఉండిపోయాయి. విరిత్సాకు వెళ్ళిన కార్మికుడికి కూడా చోటు మారింది.

నాలుగోది, తోటివాళ్ళు. ఐదోది, నమ్మకం. "నేను మానగలను" అనే నమ్మకం తాగుడు విషయంలో వట్టి ఊహ కాదు, పనిచేసే శక్తి. ఎందుకంటే ఇక్కడ జరగాల్సింది చేయి గ్లాసు దగ్గరికి పోకపోవడమే. క్షయ క్రిమికి రోగి నమ్మకంతో పనిలేదు. తాగేవాడి చేతికి ఉంది. మన అయ్యప్ప మాలలో కూడా జరిగేది ఇదే. 41 రోజులు నల్లబట్టలు, అందరూ "స్వామీ" అని పిలవడం, తోటి స్వాములతో భోజనం, తాగితే ఊరంతా చూస్తుందన్న బెరుకు. మాల ఉన్నన్నాళ్ళూ మానేసినవాడు మాల తీసిన రాత్రే దుకాణానికి పోవడం కూడా మనం చూశాం. దేవుడు అక్కడే ఉన్నాడు. పోయింది చుట్టూ ఉన్న ఏర్పాటు.

ఆ రోజుల్లోనే పీటర్స్‌బర్గ్‌లో వ్లదీమిర్ బెఖ్తెరెవ్ అనే గొప్ప నాడీశాస్త్రజ్ఞుడు సామాజిక జీవితంలో సూచన, అంటే మాటతో మనసుమీద వేసే ముద్ర, ఎంత బలమైందో పుస్తకం రాశాడు. 1912లో తాగుడు వ్యాధి మీద పరిశోధనా సంస్థ పెట్టాడు. తాగుబోతులను గుంపుగా కూర్చోబెట్టి ముందు ఉపన్యాసం, తర్వాత హిప్నాటిజం, చివర తమకు తాము చెప్పుకోవడం అనే మూడు మెట్ల చికిత్స చేశాడు. చురికోవ్ ఆదివారం కూటమికీ దీనికీ పెద్ద తేడా లేదు. బెఖ్తెరెవ్‌కు తాను ఏం చేస్తున్నాడో తెలుసు. తేడా అంతే, కానీ ఆ తేడా ముఖ్యమైనది. తెలిసినవాడు ఫలితాలు లెక్కపెట్టగలడు, పద్ధతి మార్చగలడు, తాను దేవుణ్ణని అనుకోడు.

తెల్లకోటు వేసుకున్న మహిమ

అయితే తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన మహిమ సైన్సు కాదు. సోవియట్ చివరి దశలో క్రిమియాలోని ఫియొదోసియా పట్టణంలో అలెక్సాందర్ దొవ్జెంకో అనే సైకియాట్రిస్టు "కోడింగ్" చికిత్సతో ప్రసిద్ధుడయ్యాడు. రోగులను గుంపుగా కూర్చోబెట్టి ఉపన్యసించి, ఒక్కొక్కరినీ పిలిచి, తలమీద, ముఖంమీద కొన్ని చోట్ల నొక్కి, గొంతులో చల్లటి మందు చిమ్మి, "నీ మెదడులో కోడ్ పెట్టాను, ఇక తాగితే ప్రాణం పోవచ్చు" అని చెప్పేవాళ్ళు. ఎన్నేళ్ళకు కావాలంటే అన్నేళ్ళకు కోడ్. దీని పక్కనే "తర్పేద" అనే ఇంజెక్షన్లు వచ్చాయి. కొన్నిసార్లు అందులో అసలు మందే ఉండదు. మానవశాస్త్రజ్ఞుడు యూజీన్ రైఖెల్ 2016లో రాసిన పుస్తకంలో ఈ వైద్యాన్ని వివరంగా చర్చించాడు. డాక్టర్లకు అది ఉత్తుత్తి అని తెలుసు. రోగి భయం పనిచేస్తోందనీ తెలుసు.

చురికోవ్ తాను చెప్పింది నమ్మాడనుకుంటాను. కోడింగ్ చేసేవాళ్ళలో చాలామందికి ఆ అవకాశం కూడా లేదు. అబద్ధం చెప్పి బాగుచేయడం తప్పా అని అడిగితే, నా జవాబు తప్పనే. కోడ్ లేదని తెలిసిన రోజున ఆ మనిషికి మిగిలేది ఏమీ ఉండదు. తోటివాళ్ళు లేరు, నేర్చుకున్న నైపుణ్యం లేదు, ఉన్న ఒక్క భయం పోయింది.

మరో పల్లె

ఇదే పీటర్స్‌బర్గ్ పరిసరాల్లో పెరెక్యూల్యా అనే చిన్న పల్లె ఉంది. 1990ల రెండో సగంలో అక్కడ "కొండమీద ఆశాగృహం" అనే కేంద్రం వెలిసింది. డాక్టర్ యెవ్గేనీ జుబ్కోవ్, అమెరికన్ వ్యాపారి లూ బాంటల్ కలిసి పెట్టారు. బాంటల్ తానే తాగుడు మానినవాడు. ఆయన అంతకుముందు ఒక పెద్ద నమిలే పొగాకు కంపెనీ అధిపతి. ఒక వ్యసనం అమ్మిన డబ్బుతో మరో వ్యసనానికి చికిత్స అనుకుని నవ్వుకోవచ్చు. కానీ అక్కడ చికిత్స ఉచితం. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ 12 మెట్ల పద్ధతి.

ఆ 12 మెట్లలో దేవుడు చాలాచోట్ల ఉన్నాడు. అందుకే మనలో చాలామందికి ఆ సంస్థ అంటే చిరాకు. 2006లో కాక్రేన్ సమీక్ష దాని ప్రయోజనానికి తగిన ఆధారాలు లేవన్నప్పుడు మనం సంతోషించాం. అయితే 2020లో అదే కాక్రేన్ 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషుల వివరాలతో మళ్ళీ సమీక్షించింది. ఒక ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్ళు ఈ పద్ధతిలో 42 శాతం, ఇతర మానసిక చికిత్సల్లో 35 శాతం అని తేలింది. ఆధారాలు మారితే అభిప్రాయం మార్చుకోవాలని పదిమందికి చెప్పే మనం, ఇక్కడ కూడా మార్చుకోవాలి.

ఆ సమీక్ష రాసినవాళ్ళలో ఒకరైన జాన్ కెల్లీ ఇది ఎలా పనిచేస్తుందో విడిగా పరిశీలించాడు. ఎక్కువగా పనిచేసింది స్నేహితులు మారడం, తాగమని ఒత్తిడి వచ్చినా నిలబడగలనన్న ధైర్యం పెరగడం. వ్యసనం బాగా ముదిరినవాళ్ళలో ఆధ్యాత్మికతకు కూడా కొంత పాత్ర కనబడింది. అంటే ఆనాడు విరిత్సాలో పనిచేసిందే పెరెక్యూల్యాలోనూ పనిచేస్తోంది. దేవుడు అవసరం లేని వాళ్ళకోసం 1994 నుంచి స్మార్ట్ రికవరీ అనే లౌకిక సంఘం కూడా నడుస్తోంది.

గీత ఎక్కడ గీయాలి?

"అయితే ఏదో ఒక నమ్మకం, పనిచేస్తే చాలు" అని కొందరంటారు. నేను అనను. మూడు కారణాలు చెబుతాను.

ఒకటి, నమ్మకం తాగుడు దగ్గర ఆగదు. చురికోవ్ నూనె తాగుబోతుకు ఇచ్చినట్టే రోగికీ ఇచ్చారు. తాగుడు మానిన భర్తను చూసిన ఇల్లాలు, బిడ్డ జ్వరానికి కూడా అదే నూనె నమ్ముకుంటే ఏమవుతుంది? తాగుడు విషయంలో కూడా ముదిరినవాడు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం పోవచ్చు. అక్కడ కావాల్సింది డాక్టరు.

రెండు, మంచి ఉద్దేశం అధికారంగా మారుతుంది. యెకతెరిన్‌బర్గ్‌లో 1999లో మొదలైన "మత్తులేని నగరం" అనే సంస్థ మత్తుమందు బానిసలను మొదటి రోజుల్లో సంకెళ్ళతో కట్టేసేది. జనం చప్పట్లు కొట్టారు. 2012లో సారాపుల్కా పల్లెలో దాని మహిళా కేంద్రంలో ఉన్న ఒక యువతి చనిపోయాక పోలీసు దర్యాప్తు జరిగింది. "వాడి మంచికే" అనే మాట అన్నిటికంటే ప్రమాదకరమైన మాట.

మూడు, నమ్మకం ప్రభుత్వ విధానమైతే శవాలు లేస్తాయి. హెరాయిన్ బానిసలకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ ఇచ్చి చికిత్స చేయడం ప్రాణాలు కాపాడుతుందని దశాబ్దాల ఆధారాలున్నాయి. మన దేశంలో ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాల్లో బుప్రెనార్ఫిన్ ఇస్తున్నారు. రష్యా 1998 చట్టంతో దీన్ని నిషేధించింది. "మత్తుకు మత్తు మందా? మనిషి పూర్తిగా మానాలి" అన్నది అక్కడి వాదన. వినడానికి నీతిగా ఉంటుంది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకోగానే అక్కడ ఈ చికిత్స పొందుతున్న సుమారు 800 మందికి మందు ఆగిపోయింది. వాళ్ళలో 80 నుంచి 100 మంది దాకా చనిపోయారని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దూత మిషెల్ కజాచ్కిన్ 2015లో చెప్పాడు. మానడమే మోక్షం, మందు పాపం అన్న భావం చురికోవ్ లాంటివాడి నోట ఉంటే అది ఒక బోధ. చట్టంలో ఉంటే అది మరణశిక్ష.

బావకు జవాబు

ఇప్పుడు ఎవరైనా "మా బావ ఎలా మానాడు" అని అడిగితే నేను కాకతాళీయం అనను. ఇలా చెబుతాను. "మీ బావ మానడం నిజం, చాలా సంతోషం. మానింది మీ బావే, స్వామి కాదు. స్వామి దగ్గర ఆయనకు దొరికింది తాగని స్నేహితులు, చేయడానికి పని, పదిమందిలో చేసిన ప్రమాణం. ఇవి స్వామి లేకుండా కూడా దొరకొచ్చు. ఘనత స్వామికి ఇచ్చేస్తే, రేపు స్వామి మీద నమ్మకం పోయిన రోజున బావ కూడా పోతాడు. ఘనత బావకే ఇవ్వండి."

ఈ జవాబులో ఒక ఇబ్బంది ఉంది. అప్పుడు ఆ మనిషి ఎదురు ప్రశ్న వేస్తాడు. "సరేనండీ, మా తమ్ముడు ఇంకా తాగుతున్నాడు. స్వామి దగ్గరికి పంపొద్దంటారా? మరి ఎక్కడికి పంపను? మీ సంఘానికి పంపనా?"

పక్కన పెట్టిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. టాల్‌స్టాయ్ కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. చురికోవ్ పక్కన కూర్చోబెట్టుకున్నాడు, విరిత్సాలో ఇల్లు కట్టుకోనిచ్చాడు. మన సంఘాలు చాలావరకు టాల్‌స్టాయ్ పద్ధతిలోనే ఉన్నాయి. కరపత్రం వేస్తాం, సభ పెడతాం, బాబా గుట్టు రట్టు చేసి ఇంటికి పోతాం. సాయంత్రం ఆరింటికి, చేతులు వణికే వేళ, ఆ తమ్ముడు వచ్చి కూర్చోవడానికి మన దగ్గర ఒక గది, నాలుగు కుర్చీలు, పక్కన కూర్చునే మనుషులు లేరు. అవి పెట్టేదాకా అతని అక్క అతన్ని స్వామి దగ్గరికే తీసుకుపోతుంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు.